వాన జూడవే వన్నెల రాణీ

మా తమ్ముడు తిరుపాల్‌కు రెండో పెండ్లి చేస్తానని నోరు జారినప్పటి నుంచి మా ఇంట్లో అందరికీ నేను శత్రువునయ్యాను. అందరికంటే ఎక్కువగా మా తమ్ముడికే. వాడు పులివెందుల డిపోలో బస్సు డ్రైవరు. భార్య జబ్బు చేసి పోయాక, ఐదేండ్ల కూతురు అంజనిని పక్కింట్లో వదిలి డ్యూటీకి పోతుండేవాడు. ఆ పిల్ల తలకు సరైన జడ పడాలంటే నేను జమ్మలమడుగు నుంచి రావాలి. నాకక్కడ బస్టాండు ముందర ఉగ్గాని, బజ్జీల అంగడి ఉంది. జడ వేయడం కోసం అంగడి మూసుకుని రావడం ఎన్నాళ్లు జరిగే పని?

"పెండ్లి మాట ఇంకోసారి ఎత్తితే నీ అంగడి ముందర బస్సు ఆపనక్కా" అన్నాడు వాడు.

"ఆపాకు. ఉగ్గాని లేక అల్లాడేది నువ్వే, నేను గాదు" అన్నాను.

నేను పట్టు పట్టానంటే వదిలే మనిషిని కాదు. ఆ సంగతి జమ్మలమడుగులో నా దగ్గర అప్పు పెట్టి తిన్నవాళ్లందరికీ తెలుసు.

భారతిని నేను చూసింది ప్రొద్దుటూరులో. బంధువుల పెండ్లికి కోక కొందామని చెన్నకేశవులు శెట్టి బట్టల అంగడికి పోయాను. ముప్ఫై దాటిన ఒక మనిషి, సన్నగా, పొడుగ్గా, నా ముందర పరుపు మీద కోకలు ఒకటొకటే విప్పి పరుస్తోంది. నేను వద్దన్నవాటిని మడుస్తూ లోలోపల ఏదో పాట కూనిరాగం తీస్తోంది. నేను వద్దనే కొద్దీ పాట పెరుగుతోంది గాని మొహంలో విసుగు లేదు. నాకది వింతగా అనిపించింది. నేనయితే ఆ పాటికి అన్నీ వద్దనే మనిషిని అంగడి మెట్లు దించి ఉందును.

"ఏం పాట మే అది?" అని అడిగాను.

సిగ్గుపడింది. "మా యమ్మ పాటక్కా. చిన్నప్పుడు నన్ను నిద్రబుచ్చతా పాడేది. పని జేసేటప్పుడు నోటికి అదే వస్తాది" అని, నేను మళ్లీ అడిగితే మాటలు చెప్పింది.

*వాన జూడవే వన్నెల రాణీ
మూట దించవే ముద్దుల రాణీ*

నడుమ రెండు చరణాలు మాటలు లేకుండా ఊఁ ఊఁ అని రాగమే. చివర మాత్రం, *తానితానే తల్లీ, ఈడ పుట్టి పోవాకే.*

"వానొస్తాంటే మూట దించేదెందుకే? నెత్తిన పెట్టుకోని ఉరకాల గదా?"

"రాణి గదక్కా. తడిస్తే తడిసె, ఇంకో కోక కట్టుకుంటాది" అని నవ్వింది. ఆ నవ్వుతో ఇంకో కోక నా చేతిలో పెట్టింది కూడా. ఒకటి కొనడానికి పోయినదాన్ని రెండు కొని బయటికి వచ్చాను. బయటికి వచ్చీ రాగానే ఈ పిల్ల మా ఇంటికి రావాలని అనుకున్నాను.

విచారిస్తే వాళ్లది పెద్దముడియం దగ్గర పల్లె. మా మాదిరే గొర్రెలవాళ్లు. మేము రెండు తరాల నుంచి పట్నంలో పడి గొర్రెను కూరగా తప్ప చూడటం మానేశాం గాని, వాళ్లకు ఇంకా మంద ఉంది. నాయన గంగులయ్య, తల్లి చిన్నసుబ్బమ్మ. భారతి చిన్నప్పుడే జమ్మలమడుగు హాస్టల్లో చేరి చదువుకుంది, తర్వాత ప్రొద్దుటూరులో పనికి కుదిరింది. మంద వెంట తిరిగిన పిల్ల కాదు.

సంబంధం మాట ఎత్తడానికి నాకే నోరు రాలేదు. పెండ్లి కాని పిల్లను, బిడ్డ ఉన్నవాడికి ఇమ్మని ఎట్లా అడగడం? కాని నసుగుతూ తమ్ముడి సంగతి చెబితే, భారతే నాకు ధైర్యం చెప్పింది. "చిన్నసుబ్బమ్మ నన్ను కన్న తల్లి గాదక్కా. కన్నామె నన్ను కనగానే పోయింది. మా నాయన ఈమెను చేసుకున్యాడు. గడప దాటిన పొద్దే, పెండ్లి కోకతోనే నన్ను చంకకెత్తుకునిందంట. మా ఊళ్లో ఎవుర్నడిగినా చెప్తారు. ఆమె చేసింది నేనెందుకు చేయలేను?"

ఆ మాట విని నేను అక్కడే ఏడ్చాను. నాకు ఏడుపు తొందరగా రాదు, ఉల్లిగడ్డలు కోసినా రాదు. గండి ఆంజనేయస్వామి గుళ్లో పెండ్లి చేశాం. మా తమ్ముడు తలవంచుకుని తాళి కట్టాడు. అంజని నా చెయ్యి పట్టుకుని, కొత్త మనిషి కాలి మెట్టెల వైపు చూస్తూ నిలబడింది.

ఏడాది గడిచింది. పులివెందుల పోయినప్పుడల్లా చూసేదాన్ని. ఇల్లు కడిగిన ముత్యంలా ఉండేది. అంజని బడిబట్టలు తెల్లగా, క్యారియరు వేడిగా, జడ రిబ్బన్లు సమంగా ఉండేవి. వంక పెట్టడానికి ఏమీ లేదు. కాని ఆ ఇద్దరి నడుమ ఒక బెత్తెడు జాగా ఎప్పుడూ ఉండేది. అంజని చెడ్డ పిల్ల కాదు. పిలిస్తే వస్తుంది, పెడితే తింటుంది. భారతిని మాత్రం అమ్మా అనదు, పిన్నీ అనదు, ఏమీ అనదు. నీళ్లు కావాలంటే చెంబు వైపు చూస్తుంది. సాయంత్రం పూట భారతి ఒళ్లో పడుకోబెట్టుకుని రాణి పాట పాడితే, "రాణి మూట మోస్తాదా?" అని అడిగి, లేచి పోయి చాప మీద పడుకుంది. అట్లాంటి ప్రశ్నే నేనూ అడిగి ఉన్నాను కాబట్టి మేనత్త పోలిక అని నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఒకరోజు జడ వేస్తుండగా చిక్కు పడి దువ్వెన లాగితే, అంజని వెనక్కి తిరిగి భారతి మోకాలి మీద తన్నింది. తన్ని, తానే భయపడి ఏడ్చింది. ఆ సంగతి భారతి నాకు ఫోనులో చెబితే, "తన్నితే ఏమైందిలే, బిడ్డ గదా" అన్నాను. ఆమె ఫోను పెట్టేసింది. మరుసటి బస్సులో పులివెందుల పోయాను.

భారతి ఇంటి వెనక దొడ్లో బట్టలు ఉతుకుతోంది. లోపల అంజని పెట్టుకున్న బొమ్మల సినిమా టీవీలో పెద్దగా మోగుతోంది. ఆ ధైర్యంతో కొంచెం గొంతు పెంచే మాట్లాడింది.

"వదినా, నేను పొద్దుటూరు పోతా. శెట్టితో మాట్లాడినా. ఉగాది అయినాక చేరమన్యాడు."

"తన్నిందనా?"

"తన్నిందానికి గాదు. తన్నినప్పుడు నాకు కోపం రాల్యా, బాధ రాల్యా. పక్కింటి పిల్ల తన్నినట్లుండె. అప్పుడు తెలిసె." బట్టను బండకేసి రెండుసార్లు కొట్టింది. "అన్నీ చేస్తాండా వదినా. బువ్వ పెడతాండా, నీళ్లు పోస్తాండా. ఒక్క ప్రేమ మాత్రం పుట్టడంల్యా. మా యమ్మకు నన్ను జూసిన పొద్దే పుట్టింది. నాకు ఏడాదైనా పుట్టకుంటే నేనేం మనిషిని? ఆ బిడ్డకు ఇంకా మంచిది దొరుకుతాది. నన్ను పోనీ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్లు తిట్టాను. నా తమ్ముడి బతుకు, బిడ్డ బతుకు అన్నీ ఎత్తి చూపాను. భారతి బట్టలు పిండుతూ నిలబడింది. అది చూశాక నా నోరు దానంతటదే ఆగిపోయింది. ఆమె బద్ధకం వల్ల పోవడం లేదు. తనను తాను చెడ్డదాన్ని అనుకుని పోతోంది. అట్లాంటి మనిషిని తిట్టి ఏం లాభం?

"సరే. పోయే ముందర ఈ మాటే మీ యమ్మతో చెప్పు. ఆమె ఊఁ అంటే నేనే నిన్ను బస్సెక్కిస్తా" అన్నాను.

ఆదివారం మా తమ్ముడికి సెలవు. అంజనిని వాడికి అప్పగించి మేమిద్దరం పెద్దముడియం వైపు బస్సెక్కాం. పల్లెలో దిగితే ఇంటికి తాళం. మంద శనగ చేల మీద ఉందన్నారు. కోత అయిపోయిన నల్లరేగడి చేలో, పగుళ్లలో చెప్పులు ఇరుక్కుంటుంటే, కోక మడమల పైకి పట్టుకుని నేను గొణుక్కుంటూ నడిచాను. నా గొణుగుడు ఎవరూ వినలేదు.

ముళ్లకంపతో చుట్టూ వేసిన గొర్రెల దొడ్డి ముందర గంగులయ్య మామ ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి నోటి మీద వేలు పెట్టాడు.

"అరవాకండి. మీ యమ్మ లోపల గొర్రెకు పిల్లను పెడతాండాది."

నాకు అర్థం కాలేదు. ఆయన సన్నగా చెప్పాడు. నిన్న ఒక గొర్రె ఈని చచ్చిపోయింది, పిల్ల మిగిలింది. ఇంకో గొర్రెకు పిల్ల చచ్చిపోయింది, పాలు మిగిలాయి. ఆ పాలు ఈ పిల్లకు ఇప్పించాలి. కాని పరాయి పిల్ల వాసన తగిలితే గొర్రె తన్ని తరుముతుంది. అందుకని పిల్ల ఒంటికి ఉప్పునీళ్లు రాస్తారు. ఉప్పు రుచికి గొర్రె నాకుతుంది, నాకగా నాకగా తన వాసనే దానికి పడుతుంది. ఆ పని జరిగేటప్పుడు గొర్రె, పిల్ల, పాడే మనిషి తప్ప ఇంకెవరూ లోపల ఉండకూడదు. కొత్త మనిషి అలికిడైతే గొర్రె బెదిరి మొదటికొస్తుంది.

"పాడే మనిషేంది మామా?" అన్నాను.

ఆయన చెప్పేలోపే లోపలి నుంచి పాట వినిపించింది. చిన్నసుబ్బమ్మ అత్త గొంతు. గొర్రెకు వినపడాలని పాడుతోంది కాబట్టి గట్టిగా, మాట మాట విడదీసి పాడుతోంది.

*వాసన జూడవే వన్నెలదానా
మూతి ఆనించవే ముద్దులదానా
నీ పిల్ల మన్నుకు బాయె
ఈ పిల్ల నీ కాడికొచ్చె
ఈ పొద్దు నీది గాకున్నా
రేపన్నా నీదనిపిచ్చు
తన్నితే తన్నవే తల్లీ
ఇడిసిపెట్టి పోవాకే*

రాగం తెలిసిందే. ప్రొద్దుటూరు అంగడిలో కోకలు మడుస్తుండగా నేను విన్న రాగమే. భారతి వైపు చూశాను. పెదవులు కదులుతున్నాయి. ముప్ఫై ఏండ్లుగా తను పాడుకున్న మాటల పక్కన ఈ మాటలు ఒకటొకటే పెట్టి చూసుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. రాణి లేదు, వాన లేదు, మూట లేదు.

"నాయనా, ఇది నా పాట గదా?" అంది.

"నీది గాదు పాపా. గొర్రెది. మా యమ్మ పాడేది, ఆమె కాడ మీ యమ్మ నేర్చుకున్యాది" అన్నాడు గంగులయ్య. ఆ తర్వాత ఏదో తట్టినట్లుంది, తల తిప్పుకుని మంద వైపు చూశాడు.

కొంచెం సేపటికి చిన్నసుబ్బమ్మ అత్త బయటికి వచ్చింది. చేతులకు ఉప్పు తెల్లగా ఎండి ఉంది. కూతుర్ని చూసి సంబరపడబోయి, ఆమె మొహం చూసి ఆగింది.

"పిల్లను పెట్టినావామ్మా?" అంది భారతి.

"యాడ రానిస్తాది గొర్రె అప్పుడే. రెండు తన్నులు తన్న్యాది. రేపు మళ్లీ పోవాల."

"మరి ఈ పాట నాకెందుకు పాడితివి?"

అత్త వచ్చి మా పక్కన నేల మీద కూర్చుంది. చేతులు కొంగుకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. భారతి ఆమె ముందర కూర్చుని, ప్రొద్దుటూరు మాట, అంజని తన్నిన మాట, ప్రేమ పుట్టని మాట, అంతా చెప్పేసింది. "నువ్వు నన్ను జూసిన పొద్దే ఎత్తుకుంటివి. నేను నీ మాదిరి గాదమ్మా" అని ఏడ్చింది.

అత్త మొగుడి వైపు చూసింది. "ఇంకా ఆ కత చెప్తాండావా నువ్వు?" అంది. గంగులయ్య గడ్డిపరక తుంచుకుంటూ కూర్చున్నాడు.

"పెండ్లి కోకతో ఎత్తుకున్న్యా, నిజమే" అంది అత్త. "ఊరంతా జూస్తాండారని ఎత్తుకున్న్యా. ఇంట్లోకి పోయినాక దించినా. నాకప్పుడు ఏం వయసుండాది? ఎవురో కన్న బిడ్డ. నువ్వేమో నన్ను జూస్తేనే గుక్క పట్టేదానివి. నీ ఏడుపు వింటే నాకు పుట్టింటికి పారిపోదామనిపించేది. మా యత్త, మీ జేజితో చెప్పుకోని ఏడిస్తే, ఆమె నన్ను తిట్టలే. నా చేతిలో ఇంత ఉప్పు పెట్టి, 'గొర్రె నేర్చుకుంటాది, నువ్వు నేర్చుకోలేవా' అన్యాది."

భారతి చెయ్యి తన నుదుటి మీదికి పోయింది. "రోజూ నుదుటికి ఉప్పు రాసి ముద్దు పెట్టేదానివి. దిష్టికనుకుంటి."

"దిష్టికి గాదే. ఉప్పు రాసేది, ముద్దు పెట్టేది, పాడుకునేది. ఎవురన్నా వింటే నవ్వుతారని నోట్లోనే గొణుక్కునేది. నీకు మాటలు సరిగ్గా యాడ వినబడతాయి?" అత్త భారతి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఆ పాట నిన్ను నిద్రబుచ్చనీకి గాదమ్మా. నా కోసం నేను పాడుకున్న్యా."

భారతి తల్లి మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

"మరి ఎప్పుడు పుట్టె?" అని అట్లే పడుకుని అడిగింది.

"ఎప్పుడంటే ఏం చెప్పేదే. ఒకసారి నిన్ను మీ జేజి కాడ ఇడిసి జమ్మలమడుగు సంతకు పోయినా. తిరిగొస్తాంటే ఏందో మర్చిపోయినట్లుండె. సంచి వెదికినా. బెల్లముండె, చింతపండుండె, అన్నీ ఉండె. బస్సులో సగం దూరం వచ్చినాక తెలిసె, చంకలో నువ్వు లేవని." అత్త నవ్వింది, కండ్లు తుడుచుకుంది. "దానికి ముందర ఎన్ని దినాలు ఉప్పు రాసినానో నాకే తెలీదు."

తిరుగు బస్సులో భారతి కిటికీ పక్కన కూర్చుని ఆ మాటలు నోట్లో మననం చేసుకుంటూ వచ్చింది. పాత అలవాటు కొద్దీ వాన అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని మళ్లీ వాసన అని అందుకుంటోంది. ప్రొద్దుటూరు సంగతి నేను అడగలేదు. అడగకుండా ఉండటానికి నేనెంత కష్టపడ్డానో నాకే తెలుసు.

మరునాడు పొద్దున బడి వేళకు భారతి అంజనిని ముందర కూర్చోబెట్టుకుని జడ వేస్తూ పాడింది. ఈసారి గొణగలేదు, గట్టిగానే పాడింది. నేను వంటింట్లో టీ కాస్తూ చెవులు అటే పెట్టాను.

అంజని కదలకుండా విని, "రాణి ఏమాయె?" అంది.

"రాణి లేదంట. నేను తప్పుగా విన్న్యా. అది గొర్రె" అని, దొడ్డిలో జరిగింది చెప్పింది. ఉప్పు సంగతి, వాసన సంగతి, తన్నుల సంగతి.

"గొర్రె తన్నితే ఆ పిల్ల యాడికి పోతాది?"

"యాడికీ పోదు. మళ్లీ దాని కాడికే వస్తాది."

అంజని రిబ్బను కొస నలిపింది. తర్వాత వెనక్కి తిరగకుండానే అడిగింది. "మరి నేను తన్నినానని నువ్వు పొద్దుటూరు పోతాండావంట గదా?"

ఆ రోజు బొమ్మల సినిమా అంత పెద్దగా మోగుతున్నా బిడ్డ చెవులు మా మాటల మీదే ఉన్నాయన్నమాట. అప్పటి నుంచీ ఆ మాట మోసుకుని తిరుగుతోంది, ఒక్కరికీ చెప్పకుండా. ఆరేండ్ల పిల్ల. నాకు నా మీదా, టీవీ మీదా, లోకం మీదా కోపం వచ్చింది.

"పోను" అంది భారతి.

"మళ్లీ తన్నినా?"

"తన్నితే తన్ను. పోను."

అంజని రెండో జడ కోసం తల ఇటు వైపు వంచింది. భారతి శెట్టికి ఫోను చేసి రానని చెప్పింది. మా తమ్ముడికి ఈ సంగతులేవీ తెలియవు. వాడు ఇప్పటికీ ఈ పెండ్లి తన తెలివితేటల వల్లే నిలబడిందని అనుకుంటాడు. అనుకోనీ.

ఆ వేసవిలో ఒంటిపూట బళ్లప్పుడు నేను పులివెందుల పోయాను. మిట్టమధ్యాహ్నం, నేనూ భారతీ బడి గేటు ముందర కొంగులు నెత్తిన కప్పుకుని నిలబడి ఉన్నాం. గంట కొట్టగానే పిల్లల గుంపులో నుంచి అంజని సంచి ఎగరేసుకుంటూ ఉరికొచ్చింది. రెండు జడల్లో ఒకటి ఊడిపోయింది, మొహమంతా చెమట. నేను మేనత్తను, చేతులు చాచే నిలబడ్డాను. పిల్ల నన్ను దాటిపోయి భారతి నడుమును కరుచుకుంది. "అమ్మా, ఆకలి" అంది.

భారతి వంగి నుదుటి మీద ముద్దు పెట్టింది. తల ఎత్తి నా వైపు చూసింది, పెదవులు నాలుకతో తడుపుకుంది. కండ్ల నిండా నీళ్లు, నవ్వు ఆగడం లేదు.

"ఉప్పగుండాది వదినా" అంది.